మిర్చి ఊళ్లో ఉండి కారం కొనుక్కోవడం

గుంటూరులో ఉంటూ కారం ప్యాకెట్టు కొనే నాలాంటి వాళ్ల మీద మా అమ్మకి ఎప్పుడూ కోపమే. నాకేమో ఆ ప్యాకెట్టు రేటు మీద. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయి యార్డులో రైతులు గగ్గోలు పెట్టారు, చివరికి కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు లెక్కగట్టి, అంతకన్నా తక్కువకి అమ్ముకుంటే తేడా ఇస్తామంది. అంటే కిలో 118 రూపాయలు కూడా లేదు. ఆ రోజుల్లోనే మా వీధి కొట్టుకెళ్లి కారం ప్యాకెట్టు తిప్పి చూస్తే రేటు రూపాయి కూడా తగ్గలేదు. ఇదేంటండీ అంటే "ఎంఆర్పీ చూసుకోండి సార్" అన్నాడు.

తొడిమ తీయాలి, మర పట్టాలి, ప్యాకింగు, లారీ, డీలరు కమిషను, ఇవన్నీ ఉంటాయి, కాదనను. కానీ మిర్చి పెరిగినప్పుడు మాత్రం ఈ ఖర్చులేవీ అడ్డురావు, వారంలో కొత్త రేటు అచ్చయి వస్తుంది. ఎక్కేటప్పుడు లిఫ్టు, దిగేటప్పుడు మెట్లు. పోటీ ఉంటే ధర దిగుతుందని ఎకనామిక్స్ పుస్తకం చెప్తుంది, నిజమే, కొనేవాడు నాలుగు కొట్లు తిరిగితే. కారం రేటు పెరిగిందని కూరలో తగ్గించే ఇల్లు మన దగ్గర ఉందా? అది కారం కంపెనీల వాళ్లకీ తెలుసు.

అమ్మ మాత్రం ఎండు మిరపకాయలు తెప్పించి మరకి పంపింది. మోసుకెళ్లింది నేనే, ఇంకా తుమ్ముతున్నాను.