మైనస్ 3.4లో కాపురముంటున్న డీజెనరసీ గారికి

డీజెనరసీ గారూ,

ముందు మీ పేరు సంగతి. డిక్షనరీ తీస్తే 'భ్రష్టత్వం' అని ఉంది. పాఠ్యపుస్తకమేమో మర్యాదగా 'సమశక్తి స్థాయిలు' అంటుంది, అంటే వేర్వేరు స్థితులకి ఒకే శక్తి ఉండటం. ఏ పేరుతో పిలిచినా పోయింది నా మార్కులే.

హైడ్రోజన్ గారి రెండో అంతస్తుకి, అంటే పరమాణువులో ఎలక్ట్రాన్ రెండో శక్తి స్థాయికి వచ్చాను. తలుపు మీద 'మైనస్ 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు' అని ఒకటే బోర్డు. తడితే నలుగురు బయటికొచ్చారు, అన్నీ ఎలక్ట్రాన్ ఉండగల స్థితులే: ఒక 2ఎస్, మూడు 2పీలు. ఎలక్ట్రాన్ స్పిన్‌కి ఉండే రెండు దిశలు కూడా లెక్కేస్తే ఎనిమిది మంది! పోనీ ఆ నలుగురైనా ఖాయమా? ఇద్దరిని కలిపి కొత్తవాణ్ణి తయారుచేస్తే వాడిదీ అదే శక్తి. ఇక హాజరు ఎవరి పేరున వేసుకోను?

మూడు పీలు ఒక్కటేనంటే ఒప్పుకుంటాను. గుండ్రటి పరమాణువుకి ఏ దిక్కైనా ఒకటే కదా. మరి ఎస్‌కీ పీకీ ఏం చుట్టరికం? పుస్తకాలు 'యాదృచ్ఛికం' అని చేతులు దులుపుకున్నాయి. నిజానికి దూరం వర్గానికి విలోమంగా తగ్గే ఆకర్షణలో ఇంకో సౌష్ఠవం దాక్కుని ఉంది. భౌతిక శాస్త్రవేత్త పౌలి 1926లోనే దాన్ని పట్టుకుని హైడ్రోజన్ శక్తులన్నీ లెక్కగట్టాడు. పైగా ఆ చుట్టరికమూ పూర్తిగా నిజం కాదు. సాపేక్షతని కలుపుకున్న డిరాక్ సమీకరణం ప్రకారం కూడా 2ఎస్, ఒక రకం 2పీ సమానమే. కానీ 1947లో లాంబ్, రెథర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్తలు మైక్రోవేవ్‌లతో కొలిస్తే రెండింటి శక్తికీ, పౌనఃపున్యంలో చెబితే, సుమారు వెయ్యి మెగాహెర్ట్జ్‌ల తేడా బయటపడింది. ఇన్నాళ్లూ ఎంత అమాయకంగా నిలబడ్డారండీ!

నా అసలు కక్ష వేరే. విద్యుత్ క్షేత్రం పెట్టి శక్తి ఎంత మారుతుందో చూద్దామని పెర్టర్బేషన్ లెక్క (చిన్న మార్పు ప్రభావాన్ని అంచనా వేసే పద్ధతి) మొదలుపెట్టాను. హారంలో రెండు శక్తుల తేడా రావాలి. మీ దయవల్ల అక్కడ సున్నా వచ్చింది. రెండు పేజీల లెక్క నేరుగా అనంతానికి వెళ్లిపోయింది. లెక్కలో తప్పు లేదట, నలుగురిలో ఎవరితో మొదలుపెట్టాలో నేను ముందే తేల్చేసుకోవడమే తప్పట. ఆ నలుగురి మధ్య మాట్రిక్స్ వేసి, ఏ కలయికలు కావాలో క్షేత్రాన్నే అడగాలట. అడిగాను. 2ఎస్, క్షేత్రం దిశలో ఉన్న 2పీ కలిసిపోయి రెండు కొత్త స్థితులయ్యాయి. ఒకటి పైకి, ఒకటి అంతే దూరం కిందికి జరిగాయి. చాలా టెన్షన్ తీరింది.

మిగతా ఇద్దరు మాత్రం ఇప్పటికీ కదల్లేదు. ఈ ఉత్తరం వాళ్లిద్దరికీ కలిపి ఒకే కవర్లో పెడుతున్నాను. ఎవరు చింపినా ఫరవాలేదు.

ఇట్లు,
అనంతం నుంచి ఇప్పుడే తిరిగొచ్చిన విద్యార్థి