సౌండ్ వచ్చింది సామీ, మీరే కుర్చీ జరపలేదు

మొన్న ఆదివారం సాయంత్రం అనంతపురంలో జరిగిన డబుల్ బాస్ (వయొలిన్ లాంటిదే, మనిషి ఎత్తుండే వాయిద్యం) కచేరీ గురించి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట తిరుగుతోంది. "పాప కష్టపడింది గానీ సౌండే రాల్యా" అని. ఒకాయనైతే "అంత పెద్ద వాయిద్యానికి ఇంతేనా శబ్దం" అని రాసి పక్కన నవ్వే బొమ్మలు కూడా పెట్టాడు. నేను మూడో వరసలో కూర్చున్నా, నాకు వినపడింది. నా పక్కన కూర్చున్న డెబ్బై దాటిన పెద్దామెకి కూడా వినపడింది. అందుకే రాస్తున్నా. పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపిక లేనివాళ్లు కింద "సూపర్" అని పెట్టి పోవచ్చు, ఎటూ చేసేది అదే కదా.

ఆ అమ్మాయి పేరు రాయట్లేదు, ఈ రచ్చలోకి తనని లాగొద్దంది. మన ఊరి పిల్లే. ఇంటర్ దాకా ఇక్కడే చదివి, చెన్నైలో డబుల్ బాస్ నేర్చుకుని, ఇప్పుడు బెంగళూరులో ఉంటోంది. సొంతూళ్లో ఒక్కసారి వాయించాలని తనే అడిగి, తన ఖర్చుతోనే కారులో ముందు సీటు వెనక్కి వాల్చి, మనిషి ఎత్తు వాయిద్యాన్ని పడుకోబెట్టుకుని వచ్చింది.

ముందు టైం సంగతి మాట్లాడుకుందాం. కార్డు మీద అయిదున్నర అని అచ్చేశారు. ఆ టైం తను కోరి పెట్టించుకుంది. గంట సేపు కార్యక్రమం, ఆరున్నరకు అయిపోతే పల్లెల నుంచి వచ్చినవాళ్లకు బస్సు దొరుకుతుంది, పిల్లల్ని తెచ్చిన తల్లులు వంట టైముకు ఇల్లు చేరతారు, తను రాత్రికి బెంగళూరు వెళ్లిపోవచ్చు. ఇంత ఆలోచించి పెట్టుకున్న అయిదున్నరను మనవాళ్లు ఏం చేశారో చూడండి. జ్యోతి ప్రజ్వలన అన్నారు, ఫ్యాన్ గాలికి వత్తి నిలబడలేదు, ఫ్యాన్లు ఆపారు, వెలిగించారు, మళ్లీ వేశారు, ఆరిపోయింది. ప్రార్థన, స్వాగతం, వేదిక మీదికి ఒక్కొక్కరినీ బిరుదులతో సహా పిలవడం. ముఖ్య అతిథి ఇంకా దారిలో ఉన్నారని మధ్యలో ఇంకొకాయనకు మైకు. వచ్చిన ప్రతి పెద్దమనిషీ "నాకు సంగీతం గురించి పెద్దగా తెలీదు" అని మొదలుపెట్టి పావుగంట పాటు ఆ మాట నిరూపించి కూర్చున్నాడు. యాంకరమ్మ దాన్ని గిటార్ అని పరిచయం చేసింది, పోనీలెండి, అది పెద్ద విషయం కాదు.

ఆ అమ్మాయి పక్క తెర దగ్గర ఆ వాయిద్యాన్ని ఒంటికి ఆనించుకుని నిలబడే ఉంది. శ్రుతి చేసుకుని వచ్చింది, ఉపన్యాసాలు అయ్యేసరికి ఆ శ్రుతి కాస్తా జారిపోయింది, మళ్లీ చేసుకుంది. మార్చి నెల, మన ఊరి గాలి సంగతి తెలిసిందే కదా, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని చోటు. అది పలచటి చెక్కలతో చేసి సరేసుతో అతికించిన వాయిద్యం, గాలి పొడిబారితే అతుకులు విడిపోతాయి. లోపల తేమ ఉండడానికి తడిపిన స్పాంజి గొట్టం ఒకటి వేలాడదీసుకుని వచ్చింది, అది నేను దగ్గర్నుంచి చూశా. అలాంటి వాయిద్యం మీదికి ఒకాయన నీళ్లు కారుతున్న పూలదండ పట్టుకుని బయల్దేరాడు. ఇంకొకాయన గంధం, కుంకుమ. పాపం వాళ్లది మంచి మనసే, మనం కొత్త స్కూటర్‌కి కూడా పెడతాం కదా. ఆ అమ్మాయి నవ్వుతూనే "పెదనాన్నా, దాని పెట్టెకి పెట్టండి, పెట్టె కూడా దాందే" అంది. నాకు తెగ నచ్చింది ఆ మాట.

ముఖ్య అతిథి మాత్రం తీగల మీద లాగి వాయించే కమాను తీసుకుని, దాని వెంట్రుకల్ని బొటనవేలితో రుద్ది చూస్తూ "గుర్రానివేనా ఇవి" అని అడిగారు. గుర్రం తోక వెంట్రుకలే సార్, కానీ వాటికి చేతి జిడ్డు అంటితే తీగ మీద పట్టు పోతుంది. తర్వాత ఆ పిల్ల గుడ్డతో తుడిచి, పట్టు కోసం రాసే రాళం మళ్లీ రుద్దుకుని, అయినా ఒకచోట కమాను జారుతుంటే మొహం చిట్లించుకోవడం కనపడింది. అదే చేతుల్తో ఆయన శాలువా కప్పారు. ఒక చేతిలో వాయిద్యం, ఇంకో చేతిలో కమాను, శాలువా జారిపోతోంది, ఫొటోగ్రాఫర్ "ఇటు చూడమ్మా" అంటాడు. ఫొటో అయ్యాక మొదటి వరస సోఫాలు ఖాళీ. కచేరీ మొదలయ్యేసరికి ఏడు కావస్తోంది.

ఇప్పుడు సౌండు దగ్గరికొస్తా.

డబుల్ బాస్‌కి నాలుగు తీగలు, పక్కపక్క తీగల మధ్య దూరం మన లెక్కలో స-మ. అన్నిటికన్నా కింది తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. మన హాళ్లలో గోడకి కొట్టిన బాక్సులు ఉపన్యాసాల కోసం పెట్టినవి, మాట స్పష్టంగా వస్తే చాలు వాటికి, సెకనుకు 100 కంపనాల కిందికి దిగేసరికి చేతులెత్తేస్తాయి. అంటే ఆ తీగకి మైకు పెట్టి బాక్సులోంచి వింటే అసలు స్వరం రాదు, దాని మీది పొల్లు మాత్రమే వస్తుంది. పైగా ఆ వాయిద్యం బోలు కడుపు, బాక్సులోంచి వచ్చే శబ్దాన్ని పట్టుకుని తిరిగి మైకుకే ఇస్తుంది, అది మళ్లీ బాక్సుకి. అలా భుమ్మని హోరు మొదలైతే సౌండబ్బాయి తగ్గిస్తాడు, వెనక నుంచి "పెంచప్పా" అని కేక, పెంచుతాడు, మళ్లీ హోరు. మొదటి అయిదు నిమిషాలు జరిగింది ఇదే. మీరు "బాగాలేదు" అన్నది దీన్నే అయితే నేనూ ఒప్పుకుంటా, అది దరిద్రంగానే ఉంది. కానీ అది ఆ పిల్ల వాయించింది కాదు.

తనే ఆపేసి, "అన్నా, నాకు మైకు వద్దు, కీబోర్డుకి చాలు, అది కూడా బాగా తగ్గించి పెట్టు" అంది. తోడుగా వాయించేది పియానో, మన ఊళ్లో కచేరీకి పనికొచ్చే పియానో యాడ దొరుకుతాది, అందుకని కీబోర్డు. తర్వాత జనం వైపు తిరిగి "వెనక ఉన్నవాళ్లు దయచేసి ముందుకొస్తారా, సోఫాలు ఖాళీగానే ఉన్నాయి" అని అడిగింది. సగం మంది లేచి వచ్చారు. మిగతా సగం తలుపు దగ్గర ఫ్యాన్ కింద కదలకుండా కూర్చున్నారు. గ్రూపుల్లో రాస్తున్నది ఎవరా అని చూస్తే అందరూ ఆ ఫ్యాన్ కింది బ్యాచే.

ఫ్యాన్ల విషయంలో మాత్రం నాకు రెండువైపులా జాలేసింది. మార్చిలో అనంతపురంలో ఫ్యాన్లు ఆపమంటే ఎవరికి మనసొస్తుంది? కానీ పాత ఫ్యాన్ల గుర్రు ఆ కింది స్వరాల మీదే వచ్చి కూర్చుంటుంది. చివరికి స్టేజీ మీదివి ఆపి, మావి ఒకటి మీద పెట్టారు. స్వరాలు రాసుకున్న కాగితాలు ఎగరకుండా ఆ పిల్ల స్టాండుకి బట్టల క్లిప్పులు పెట్టుకుని వచ్చింది, పసుపు రంగువి, ఇంట్లో దండెం మీదివే అయ్యుంటాయి. వాయిద్యం కింద ఇనుప ముల్లు ఉంటుంది కదా, నున్నటి టైల్స్ మీద అది జారుతుంటే వాచ్‌మన్ ఎక్కడి నుంచో గోనెసంచి తెచ్చి నాలుగు మడతలు వేసి పరిచాడు. ఆ సాయంత్రం వేదిక మీద ఆ పిల్లకి నిజంగా పనికొచ్చిన సన్మానం అదొక్కటే.

మొదట జర్మనీ సంగీతకర్త బాఖ్. చెల్లో అనే, దీనికన్నా చిన్న వాయిద్యం కోసం ఆయన 1720 ప్రాంతంలో రాసిన సూట్లలో, అంటే సంగీత మాలికల్లో, మొదటిదాని నుంచి. వయొలిన్ మీద తీగ పొడవు 33 సెంటీమీటర్లు, దీని మీద మీటరు దాటుతుంది, కాబట్టి వయొలిన్ మీద వేలు కదిలేచోట ఇక్కడ చెయ్యి మొత్తం కదలాలి. ఆ పిల్ల చెయ్యి చిన్నది. కింది స్థాయిలో చూపుడు వేలికీ చిటికెన వేలికీ మధ్య దూరం ఒక్క పూర్తి స్వరమే, అంతకు మించి చాలదు, ఇక ప్రతి రెండు స్వరాలకీ చెయ్యి పైకీ కిందికీ పరుగే. అయినా వినేటప్పుడు ఆ పరుగు తెలియలేదు. కింది స్వరాలకు మన చెవి సహజంగానే మందం, మొదటి రెండు నిమిషాలు పీలగా అనిపిస్తుంది, కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే చెవి తెరుచుకుంటుంది. ఆ రెండు నిమిషాలే చాలామంది ఇవ్వలేదు, ఫోన్ తీశారు.

తర్వాత బొత్తెసీని రాసిన ఎలిజీ, అంటే శోకగీతం. ఈ ఇటలీ ఆయన కథ ఆ పిల్ల చెబితే హాలంతా నవ్వారు. 1835లో మిలాన్ సంగీత కళాశాలలో చేరడానికి వెళ్తే ఫీజు లేని సీట్లు రెండు వాయిద్యాలకే మిగిలాయట, ఊదే వాయిద్యం బసూన్, డబుల్ బాస్. వయొలిన్ తెలిసిన పిల్లవాడు కొన్ని వారాల్లో డబుల్ బాస్ నేర్చేసుకుని సీటు కొట్టాడు. కంప్యూటర్స్ రాకపోతే సివిల్ తీసుకున్న మన కౌన్సెలింగ్ బాధితులంతా చప్పట్లు కొట్టారు. అదే మనిషి తర్వాత యూరప్ అంతా వాయించి, 1871లో కైరోలో వెర్డీ రాసిన "ఐదా" అనే ఒపెరా (పాటల నాటకం) మొదటి ప్రదర్శనకు ఆర్కెస్ట్రాని నడిపించాడు. బొత్తెసీని రాసింది వాయించాలంటే వాయిద్యం భుజం మీదుగా ముందుకు వంగి, బొటనవేలిని తీగ మీద అడ్డంగా నొక్కి, బాగా పై స్థాయికి వెళ్లాలి. ఆ పిల్ల అలా వంగి తీగ చివర నుంచి సన్నటి స్వరం లాగితే నా పక్కనున్న పెద్దామె "ఆడమనిషి పాడినట్టే ఉండాదే" అంది మెల్లగా. మైకు లేకుండా, ఫ్యాన్లు తిరుగుతుండగా, డెబ్బై ఏళ్ల చెవికి. సౌండ్ రాలేదంటారేం మరి?

చివర్లో పిల్లల కోసం, ఫ్రాన్స్ సంగీతకర్త సాన్ సాన్స్ 1886లో సరదాకి రాసిన జంతువుల సంగీతంలోంచి ఒక చిన్న ముక్క. ఏ జంతువో చెప్పండంటే "ఏనుగు" అని అరిచారు. ఒకడు మాత్రం "బర్రె" అన్నాడు. రాసినాయన లెక్కలో ఏనుగే గానీ, ఆ నడక విన్నాక నా ఓటు బర్రెకే.

ఇక రెండో రకం కామెంట్లు. "మన వీణ, మన మృదంగం ఉండగా ఈ విదేశీ వాయిద్యం ఎందుకు?" అబ్బా. ఈ కామెంట్ పెట్టినాయన పౌరాణిక నాటకాల పిచ్చోడు, పద్యానికి హార్మోనియం పెట్టె పలకకపోతే నిద్రపట్టదు. ఆ హార్మోనియానికి 1842లో పేటెంట్ తీసుకున్నది పారిస్ ఆయన సామీ. వయొలిన్ సంగతీ అంతే, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరప్ వాళ్ల దగ్గర నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు, ఇవాళ వయొలిన్ లేని కచేరీ ఉందా? మీరు చెవి కోసుకునే పాత సినిమా పాటల వెనక మద్రాసు స్టూడియోల్లో ఈ డబుల్ బాసే నిలబడి ఉండేది. నిన్నమొన్నటి దాకా మన జిల్లాలోనే ఉన్న పుట్టపర్తిలో సింఫనీ కచేరీలు జరుగుతాయి. అక్కడికి వెళ్లి కళ్లు మూసుకుని వినొచ్చి ఇక్కడ మాత్రం విదేశీ అంటే ఎట్లా?

వేదిక మీదే ఒక పెద్దాయన "దీంతో ఏం చేస్తావమ్మా, ఉద్యోగం ఏమొస్తాది" అని అడిగాడు. పెద్ద ఆర్కెస్ట్రాలో మామూలుగా ఎనిమిది మంది దాకా డబుల్ బాస్ వాళ్లే ఉంటారు, ముంబైలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006 నుంచి నడుస్తోంది. ఇవన్నీ తను చెప్పలేదు, "వాయిస్తానండి" అని ఊరుకుంది. నాకైతే చెప్పి ఉంటే బాగుండనిపించింది.

అసలు మంట ఎక్కడంటే, ఇదే ఊళ్లో వినాయక నిమజ్జనానికి డీజే బాక్సులు పెడితే కిటికీ అద్దాలు అదురుతాయి, గుండె జబ్బు ఉన్నవాళ్లు దుప్పటి కప్పుకుని లోపలి గదిలో కూర్చుంటారు, ఒక్కరంటే ఒక్కరు "తగ్గించండి" అనరు. అంటే బాస్ అంటే మనకి ఇష్టం లేక కాదు. కూర్చున్నచోటికే వచ్చి ఛాతీ మీద గుద్దాలి మనల్ని, మనం మాత్రం పది అడుగులు ముందుకు జరగం.

ఆ అమ్మాయి మళ్లీ వస్తానంది, అందుకే నిర్వాహకులకు నాలుగు మాటలు. మైకు, బాక్సుల అద్దె మిగుల్చుకోండి. ఆ డబ్బుతో ఒక మందపాటి తివాచీ ముక్క కొనండి. కుర్చీలు ముందే దగ్గరగా వేసి వెనక వరసలు ఎత్తేయండి, అప్పుడు చచ్చినట్టు ముందుకొస్తారు. అయిదున్నర అంటే అయిదున్నరకే మొదలవ్వాలి, దీపం వెలిగినా వెలక్కపోయినా. శాలువాలు, మెమెంటోలు, ఉపన్యాసాలు అన్నీ కార్యక్రమం అయ్యాక పెట్టుకోండి, కమాను వదులు చేసి, రాళం పొడి తుడిచి, అంత వాయిద్యాన్ని పెట్టెలో పెట్టుకోవడానికి ఎటూ చాలాసేపు పడుతుంది, అందాకా మీరు ఎంతసేపు మాట్లాడుకున్నా తనకేం అడ్డం కాదు.