అమ్మకాలు పెరిగాయి, గల్లాపెట్టె ఖాళీ

నాలుగేళ్ల పాటు జీడిమెట్లలో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో లెక్కలు రాశాను. మూడో ఏడాది మా అమ్మకాలు దాదాపు రెట్టింపయ్యాయి. దసరాకు కొత్త మెషిన్‌కు పసుపు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టాం. జీతాలు పదో తారీకు దాటడం కూడా ఆ ఏడాదే మొదలైంది. "ఇంత పని చేస్తున్నాం, డబ్బంతా ఎటు పోతోందయ్యా?" అని మా ఓనరు రోజూ అడిగేవాడు. ఎటూ పోలేదు. మా సరుకు కొన్న పార్టీల దగ్గర భద్రంగా ఉంది.

చిన్న వ్యాపారులకు సలహాలిచ్చేవాళ్లకు ఇప్పుడు కొదవ లేదు. రీల్స్ చెయ్యండి, వెబ్‌సైట్ పెట్టండి, ఏఐ వాడండి అంటారు. అన్నీ అమ్మకం పెంచుకునే దారులే. అమ్మిన సరుకుకు డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుందని అడిగేవాళ్లు తక్కువ. నా ఉద్దేశంలో ముందు తేల్చుకోవాల్సింది అదే. అది తేలకుండా అమ్మకం పెంచుకుంటే కొన్ని వ్యాపారాలు మరింత వేగంగా మునుగుతాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. నెలకు 10 లక్షల పని చేసే యూనిట్ అనుకోండి. ఇనుముకు 6 లక్షలు, కూలీ, కరెంటు, అద్దె కలిపి 3 లక్షలు, మిగిలేది లక్ష. 18 శాతం జీఎస్టీతో బిల్లు 11 లక్షల 80 వేలు అవుతుంది. ఇనుము షాపులో నగదు పెడితేగానీ లారీ కదలదు. అక్కడ పన్నుతో కలిపి 7 లక్షల 8 వేలు పోతుంది. ఇనుము మీద కట్టిన పన్ను మినహాయించుకున్నా, మన బిల్లు మీద ఇంకో 72 వేలు ప్రభుత్వానికి కట్టాలి. పార్టీ మనకు డబ్బిచ్చిందా లేదా అన్నది జీఎస్టీకి పట్టదు. బిల్లు వేశాక మరుసటి నెల 20వ తేదీకి పన్ను కట్టాల్సిందే. అంటే రాని డబ్బుకు మన జేబులోంచి పన్ను కడుతున్నామన్నమాట. మొత్తం కలిపితే నెలకు 10 లక్షల 80 వేలు బయటికి పోతుంది. పార్టీ 90 రోజులకు డబ్బిస్తే, రోజుల తేడాలు పక్కన పెట్టినా 32 లక్షల 40 వేలు ఎప్పుడూ బయటే ఉంటుంది.

ఇప్పుడు ఇంకో పెద్ద పార్టీ దొరికి పని రెట్టింపయిందనుకోండి. మరో 32 లక్షల 40 వేలు తేవాలి. బ్యాంకు ఇవ్వకపోతే దొరికేది నూటికి రెండు రూపాయల వడ్డీకే. నెలకు 64,800 వడ్డీ. కొత్త పని మీద వచ్చే లాభం లక్ష. పార్టీ 90 రోజులను 150 రోజులకు సాగదీస్తే బయట ఉండే డబ్బు 54 లక్షలకు చేరుతుంది. నెల వడ్డీ లక్షా 8 వేలు అవుతుంది. అంటే ఆ ఆర్డరు మనకు వచ్చినందుకు నెలనెలా 8 వేలు ఎదురు కడుతున్నాం. మా యూనిట్‌లో జరిగింది కూడా ఇదే. అప్పుడు ఈ లెక్క కాగితం మీద పెట్టి చూపించే తెలివి నాకు లేదు.

బ్యాంకు ఆదుకోదా అంటే, ఆదుకుంటుంది కానీ దానికీ ఒక గీత ఉంది. చిన్న యూనిట్లకు వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నడకకు కావాల్సిన డబ్బు) ఇచ్చేటప్పుడు బ్యాంకులు చాలాకాలంగా, రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ చెప్పిన పద్ధతి పాటిస్తున్నాయి. ఏడాది టర్నోవర్ అంచనాలో 25 శాతం అవసరమని లెక్కగట్టి, ఆ 25లో 20 బ్యాంకు, 5 మనం పెట్టాలి. నాలుగో వంతు అంటే మూడు నెలలు. డబ్బు మూడు నెలల్లో తిరిగొస్తుందన్న నమ్మకం మీద కట్టిన లెక్క ఇది. పైగా సరుకు, బాకీల వివరాలతో మనం నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో 90 రోజులు దాటిన బాకీలను మామూలుగా బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. పార్టీ ఆలస్యం చేసిన నెలలోనే డ్రాయింగ్ పవర్, అంటే బ్యాంకు నుంచి మనం తీసుకోగలిగే మొత్తం కూడా తగ్గుతుంది. దెబ్బ రెండు వైపుల నుంచీ తగులుతుంది.

చట్టం మాత్రం మనవైపే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవాళ్లు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఒప్పుకున్న గడువులో డబ్బు కట్టాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకూడదు. పర్చేజ్ ఆర్డర్‌లో 90 రోజులని రాసుకున్నా చట్టం ముందు అది 45 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అది కూడా నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలి. బ్యాంక్ రేటు 6 శాతం ఉంటే వడ్డీ 18 శాతం. దీనికోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్ మొదట రాజీకి, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి తీర్పుకు) పిలుస్తుంది. అక్కడ ఓడిన కొనుగోలుదారు కోర్టుకు వెళ్లాలంటే ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చెయ్యాలి. ఇంత గట్టి చట్టం చేతిలో పెట్టుకుని కూడా మనవాళ్లు వాడరు.

ఎందుకు వాడరో చర్లపల్లిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు. "కేసు పెడితే ఆ బిల్లు వస్తుందేమో, రేపటి ఆర్డరు రాదు." అది పిరికితనమని నేననను. అమ్మకంలో సగం ఒక్క పార్టీకే పోతున్నప్పుడు ఆ పార్టీ మీద ఫిర్యాదు పెట్టడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. నేను పనిచేసిన చోట కూడా ఒక పెద్ద కంపెనీ బిల్లు ఏడు నెలలు ఆపింది. మేం చేసిందల్లా వాళ్ల అకౌంట్స్ క్లర్కుకు దీపావళికి స్వీట్ బాక్స్ ఇవ్వడం. డబ్బు సంక్రాంతికి వచ్చింది.

అయితే 2023 తర్వాత ఒక మార్పు వచ్చింది. ఆదాయపు పన్ను చట్టంలో 43బి సెక్షన్‌కు హెచ్ అనే క్లాజు చేర్చారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ 15 లేదా 45 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే, కొనుగోలుదారు ఆ ఖర్చును నిజంగా కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. మార్చి 31 నాటికి గడువు దాటి బాకీ ఉంటే ఆ ఏడాది లాభం ఎక్కువ కనబడుతుంది, పన్ను ఎక్కువ పడుతుంది. ఇక్కడ మనం ఫిర్యాదు చెయ్యక్కర్లేదు. వాళ్ల ఆడిటరే వాళ్లను అడుగుతాడు. ఇది వచ్చిన కొత్తలో కొందరు పెద్ద కొనుగోలుదార్లు రిజిస్ట్రేషన్ లేని సరఫరాదార్ల వైపు వెళ్తున్నారని వ్యాపార సంఘాలు మొత్తుకున్నాయి. ఆ భయంలో నిజం లేకపోలేదు. అయినా ఏడాదికోసారి ఫిబ్రవరి, మార్చి నెలల్లో చిన్నవాడికి పెద్దవాడు తనంతట తాను ఫోన్ చెయ్యడం నాకు తెలిసి ఇదే మొదలు.

ఈ లాభం అందాలంటే చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. సరుకు వేశాక, గొడవ వచ్చాక చేయించుకుంటే వాదనలో నిలబడటం కష్టం, ముందే ఉండాలి. దానికి పైసా ఫీజు లేదు. వెయ్యి, రెండు వేలు అడిగే వెబ్‌సైట్లన్నీ దళారులవే. 2025 ఏప్రిల్ నుంచి పరిమితులు కూడా పెంచారు. పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటనంత వరకు సూక్ష్మ సంస్థ, 25 కోట్లు, 100 కోట్ల వరకు చిన్న సంస్థ. ఒక్క చిక్కుంది. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ ఇచ్చినా అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం కోసమే. ఈ 45 రోజుల రక్షణను తయారీదార్లు, సేవలందించేవాళ్లే అడగగలరు.

కాగితం విషయంలో మనం చేసే తప్పులు కూడా తక్కువేం కాదు. ఉద్యమ్ నంబరు బిల్లు మీద ఉండదు. సరుకుతో పంపే చలానా మీద తేదీ వేసి సంతకం తీసుకోరు. గడువు లెక్కించేది సరుకు అందిన రోజు నుంచి, ఆ తేదీకి సాక్ష్యం ఆ చలానాయే. ఇంకొకటి, నేను స్వయంగా ఇరుక్కున్నది. జీఎస్టీలో మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతిలో ఉంటే, మన బిల్లు పార్టీ జీఎస్టీఆర్-2బిలో (పన్ను మినహాయించుకోవడానికి వాళ్లు చూసుకునే కొనుగోలు బిల్లుల లిస్టులో) క్వార్టర్ అయ్యేదాకా కనబడదు. వాళ్ల క్లర్కు "మీ బిల్లు పోర్టల్‌లో లేదు" అని ఫైలు పక్కన పడేస్తాడు. మనమేమో వాళ్లను తిట్టుకుంటూ కూర్చుంటాం. దీనికి ఐఎఫ్ఎఫ్ అనే సదుపాయం ఉంది. మొదటి రెండు నెలల బిల్లుల్ని తర్వాతి నెల 13వ తేదీలోపు అందులో ఎక్కిస్తే చాలు. పది నిమిషాల పని, రెండు నెలల డబ్బు.

పెద్ద కంపెనీలకు సరుకు వేసేవాళ్లు ట్రెడ్స్ (బిల్లు మీద ముందే డబ్బు తెచ్చుకునే ఆన్‌లైన్ ఏర్పాటు) గురించి కూడా కనుక్కోవాలి. ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఇన్‌వాయిస్‌మార్ట్, ఎం1ఎక్స్చేంజ్ లాంటి వేదికల మీద మన బిల్లును పార్టీ ఒప్పుకుంటే, బ్యాంకులు పోటీపడి వడ్డీ చెప్పి ముందే డబ్బిస్తాయి. తర్వాత పార్టీ ఎగ్గొట్టినా ఆ నష్టం మన నెత్తిన పడదు. వడ్డీ కూడా మన ముఖం చూసి కాదు, ఆ పెద్ద కంపెనీ పేరు చూసి వేస్తారు. 250 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న కంపెనీలన్నీ వీటిలో చేరాలని 2024 నవంబరులో కేంద్రం ఆదేశించింది. చేరడం వేరు, బిల్లులు ఒప్పుకోవడం వేరు. అడిగి చూడటంలో పోయేదేం లేదు.

ఆర్డరు ఒప్పుకునేటప్పుడే చేసుకోగలిగినవి ఇంకా ఉన్నాయి. మెటీరియల్ మీరే ఇవ్వండి, మేం లేబర్ చార్జీకి చేస్తాం అనొచ్చు. పైన చెప్పిన లెక్కలో నెలకు 7 లక్షలు మన జేబులోంచి పోవడం ఆగిపోతుంది. టర్నోవర్ చిన్నదిగా కనబడుతుంది, పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి అంత బాగోదు. రాత్రి నిద్ర మాత్రం పడుతుంది. లేదంటే పది రోజుల్లో డబ్బు కడితే నూటికి రెండు రూపాయలు తగ్గిస్తామని చెప్పొచ్చు. లాభంలోంచి రెండు శాతం పోతుందని చాలామంది ఒప్పుకోరు. 90 రోజుల డబ్బు పదో రోజే వస్తే 80 రోజుల వడ్డీ మిగులుతుంది. రెండు రూపాయల వడ్డీ లెక్కన అది నూటికి 5 రూపాయల 33 పైసలు.

ఇక టెక్నాలజీ. యాభై వేలు పెట్టి సాఫ్ట్‌వేర్ కొని, దాన్ని బిల్లు ప్రింట్ తీసుకోవడానికి మాత్రమే వాడే ఆఫీసులు బోలెడు. ట్యాలీలో ఏ బిల్లు ఎన్ని రోజులుగా బాకీ ఉందో చూపించే రిపోర్టు ఎప్పటినుంచో ఉంది. వచ్చిన డబ్బును బిల్లు వారీగా సర్దకుండా "ఆన్ అకౌంట్" అని వేసేస్తే ఆ రిపోర్టు ఎందుకూ పనికిరాదు. మనవాళ్లు చేసేది అదే. చిన్న దుకాణాలకైతే అదీ అక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో చాట్‌లకు తగిలించే లేబుళ్లలో "పెండింగ్ పేమెంట్" అన్నది ముందే ఉంటుంది. సోమవారం పొద్దున్నే ఆ లేబుల్ తెరిచి, క్యూఆర్ పెట్టి మెసేజ్ పంపితే చాలా బాకీలు మధ్యాహ్నానికే వచ్చేస్తాయి.

యూపీఐ అంటే ఈమధ్య కొందరు జంకుతున్నారు. 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ నోటీసులు పంపాక, బెంగళూరులో కొన్ని షాపులు క్యూఆర్ బోర్డులు పీకేసి నగదే తెమ్మన్నాయి. ఆ టెన్షన్ మన దగ్గరికీ పాకింది. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలైతే తెలంగాణలో 20 లక్షలే. అంటే రోజుకు సుమారు 5,500 గల్లా ఉన్న దుకాణం కూడా దాటేస్తుంది. దాక్కోవడం కంటే జీఎస్టీలోనే కోటిన్నర టర్నోవర్ వరకు ఉండే కాంపోజిషన్ పథకంలో చేరి టర్నోవర్ మీద ఒక శాతం కట్టేయడం మేలని నా అభిప్రాయం. రేపు ముద్రా రుణానికి వెళ్తే బ్యాంకు మేనేజరు అడిగేది ఆ యూపీఐ డబ్బు పడిన ఖాతా స్టేట్‌మెంటే.

మార్కెటింగ్ గురించి నాకున్న ఒకే ఒక్క మాట మా పిన్ని దగ్గర పుట్టింది. ఆమె విజయవాడలో పచ్చళ్లు, పిండివంటలు చేసి షాపులకు వేస్తుంది. మొన్న వేసవిలో ఫోన్ చేసి, "ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ ఇద్దామా నాన్నా, ఓ పాతిక వేలు పెడతాను" అంది. బయట ఎంత రావాలి పిన్నీ అని అడిగాను. చూసి చెబుతానంది. ఆ చూడటానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే లెక్కలు మూడు డైరీల్లో, ఒక క్యాలెండర్ వెనక ఉన్నాయి. తేలింది లక్షా నలభై వేలు. యాడ్ మాట పక్కన పెట్టి, అడగకుండా డబ్బిచ్చే నాలుగు షాపులకు సరుకు పెంచమన్నాను. గూగుల్ మ్యాప్స్‌లో ఇంటి చిరునామాతో పేరు నమోదు చేసి, నేరుగా కొనేవాళ్లకు వాట్సాప్‌లో క్యాటలాగ్ పెట్టాను. రెంటికీ ఖర్చు లేదు, వచ్చేదంతా ముందు డబ్బు, తర్వాత సరుకు.

బాకీల లిస్టులో మొదటి పేరు ఆమె ఆడపడుచు భర్తది. నలభై వేలు. "అన్నయ్యగారిని నేనెలా అడగనురా?" అంది. నేనే మెసేజ్ రాసిచ్చాను, ఇంత మొత్తం, ఈ తేదీలోపు అని. ఆమె చదివి చివర "వీలైతే" అని చేర్చింది. నేను తీసేశాను. మళ్లీ పెట్టింది. చివరికి "మీ వీలు చూసుకుని" అని పంపింది.