కంట్రోల్స్ మొరాయించిన విమానాన్ని గంటల తరబడి తిప్పేది చేతగాక కాదు

2024 అక్టోబర్ 11న తిరుచిరాపల్లి నుంచి షార్జా బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737లో హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో భాగాలను కదిపే వ్యవస్థ) సమస్య వచ్చింది. 141 మంది ప్రయాణికులతో రెండు గంటలకు పైగా అక్కడే చక్కర్లు కొట్టి క్షేమంగా దిగింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా గ్రూపుల్లో తిరిగే మాటలు ఇవి: కంట్రోల్స్ పోతే పైలట్ చేతిలో ఇక ఏమీ ఉండదు, కంప్యూటరే దించాలి, చక్కర్లు కొడుతున్నారంటే ఏం చేయాలో తెలియకే, బుద్ధున్నవాళ్లైతే ఇంధనం పారబోసి వెంటనే దించేస్తారు. నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్లున్నాయి, ఇవి చదివి అక్కడ ఎంత టెన్షన్ పడతారో ఫార్వర్డ్ చేసేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

"పైలట్ చేతిలో ఏమీ ఉండదు." తప్పు. 737లో ఎలివేటర్లు (ముక్కును లేపి దించే తోక పలకలు), ఎయిలరాన్లు (విమానాన్ని పక్కకు వంచే రెక్కల చివరి పలకలు) నడపడానికి రెండు హైడ్రాలిక్ వ్యవస్థలున్నాయి, ఏ ఒక్కటి పనిచేసినా చాలు. రెండూ పోతే కేబుళ్ల ద్వారా చేతి బలంతోనే నడపొచ్చు, కాకపోతే చాలా బరువుగా ఉంటుంది. అసలు ఒక భాగం బిగుసుకుపోయినా దారి ఉంటుందని 1977 ఏప్రిల్ 12న శాన్ డియాగో నుంచి లాస్ ఏంజిలెస్ వెళ్లిన డెల్టా ఎయిర్‌లైన్స్ ట్రైస్టార్ విమానం చూపించింది. తోకలో ఎడమవైపు ఎలివేటర్ పూర్తిగా పైకి లేచి బిగుసుకుపోయింది, ముక్కు ఆకాశంలోకి లేస్తోంది, వేగం పడిపోతోంది, ఇద్దరు పైలట్లు ముక్కును దించే పిడిని (కంట్రోల్ కాలమ్) ముందుకు నెట్టినా లాభం లేదు. అప్పుడు కెప్టెన్ జాక్ మెక్‌మహన్‌కి తట్టింది ఇంజిన్ల సంగతి. ఆ విమానానికి రెక్కల కింద రెండు ఇంజిన్లు, తోకలో పైన ఒకటి. కిందివి తోస్తే ముక్కు లేస్తుంది, పైది తోస్తే ముక్కు దిగుతుంది. రెక్కల ఇంజిన్లు తగ్గించి, తోక ఇంజిన్ పెంచి, ప్రయాణికులను ముందు సీట్లలోకి మార్చి, లాస్ ఏంజిలెస్‌లో 52 మందినీ క్షేమంగా దించాడు. ఎలివేటర్ చివరిదాకా బిగుసుకునే ఉంది.

"కంప్యూటరే దించాలి." ఆటోపైలట్ తిప్పేది కూడా అవే ఎలివేటర్లను, అవే ఎయిలరాన్లను. అవి బిగుసుకుంటే అది చేయగలిగింది కొంచెమే, పైగా లోపాన్ని తనే సర్దుకుంటూ పైలట్‌కి కనపడకుండా దాచేయగలదు. 2018 నవంబర్ 11న పోర్చుగల్‌లో ఎయిర్ అస్తానా కంపెనీ ఎంబ్రేయర్ 190 విమానం మెయింటెనెన్స్ అయ్యాక గాల్లోకి లేచింది, చూస్తే ఎయిలరాన్ కేబుళ్లు తారుమారుగా బిగించారు. ఎడమకు తిప్పితే ఎయిలరాన్లు కుడికి వంచుతున్నాయి. పైలట్లు కంప్యూటర్ సాయాన్ని తగ్గించే డైరెక్ట్ మోడ్‌కి మార్చాకే విమానం కాస్త మాట విన్నది. మూడో ప్రయత్నంలో బేజా ఎయిర్‌బేస్‌లో దించారు. ఆరుగురూ బతికారు.

"చక్కర్లు కొడుతున్నారంటే ఏం చేయాలో తెలియకే." నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ మాట, ఎందుకంటే అసలు పని జరిగేది ఆ చక్కర్లలోనే. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు చెక్‌లిస్ట్ చదువుతారు. ఫ్లాప్స్ (తక్కువ వేగంలోనూ విమానం తేలేలా రెక్కల వెనక దించే పలకలు) ఒక్కో మెట్టు దించి, చక్రాలు దించి, ఏ వేగంలో విమానం అదుపులో ఉంటుందో పైనే చూసుకుంటారు, తేడా వస్తే సరిదిద్దుకోవడానికి కింద వేల అడుగులు ఉండాలి కాబట్టి. ఫ్లాప్స్ రాకపోతే వేగంగా దిగాలి. 140 నాట్లకు (గంటకు దాదాపు 260 కి.మీ.) బదులు 170 నాట్లతో (దాదాపు 315 కి.మీ.) దిగితే బ్రేకులు ఆపాల్సిన శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, అందుకే పొడవైన రన్‌వే చూస్తారు, బరువు తగ్గిస్తారు, ఫైరింజన్లను పక్కన నిలబెట్టిస్తారు.

"ఇంధనం పారబోయొచ్చు కదా." బోయింగ్ 737కి, ఎయిర్‌బస్ ఎ320కి ఆ ఏర్పాటే లేదు. బరువు తగ్గాలంటే ఇంధనాన్ని ఇంజిన్లలో తగలబెట్టడమే మార్గం, అంటే ఎగరడమే.

"వెంటనే దించేయాలి." దీంట్లో కొంత నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. 2000 జనవరి 31న అలాస్కా ఎయిర్‌లైన్స్ 261 విమానం మెక్సికో నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తోంది, తోకలోని స్టెబిలైజర్ (ముక్కును సమంగా నిలిపే అడ్డ రెక్క) కదలడం లేదు. దాన్ని కదిపే పొడవాటి స్క్రూకి ఒక కంచు నట్టు ఉంటుంది. గ్రీజు సరిగా పెట్టకపోవడంతో ఆ నట్టులోని థ్రెడ్లు అరిగిపోయాయి. ఈ సంగతి కాక్‌పిట్‌లో ఎవరికీ తెలిసే వీలు లేదు. చాలాసేపు అలాగే ఎగిరాక, లాస్ ఏంజిలెస్‌కి మళ్లే ముందు పైలట్లు ఆ స్టెబిలైజర్‌ని కదిపే ట్రిమ్ మోటార్లను మరోసారి తిప్పారు. బిగుసుకున్నది విడిపోయి ముక్కు కిందికి వంగింది, విమానం 31,000 అడుగుల నుంచి దాదాపు 24,000 అడుగులకు జారింది. శాయశక్తులా ఆపారు. తర్వాత పది నిమిషాలకు స్క్రూ పూర్తిగా ఊడింది, 88 మందీ చనిపోయారు.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ దీని తర్వాత పైలట్ల కోసం చేసిన సిఫార్సు ఏమిటంటే, కంట్రోల్ సమస్య వస్తే చెక్‌లిస్ట్‌లో ఉన్నదే చేయండి, దాన్ని దాటి సొంత రిపేర్లకు పోకండి, వీలైనంత త్వరగా దించండి. త్వరగా అంటే చేతికి అందిన రన్‌వే మీద పడేయడం కాదు. ఫ్లాప్స్, వేగం, బరువు ఎలా ఉంటే విమానం మాట వింటుందో తెలిశాక, అదే స్థితిలో, ఇక ఏదీ మార్చకుండా దించడం. తిరుచిరాపల్లి మీద ఆ విమానం తిరిగినంతసేపూ పైలట్లు ఏమీ చేయడం లేదని రాసినవాళ్లు ముందు ఇది తెలుసుకోవాల్సింది.