రేడియోలో పిలిస్తే పలకాలి

2010 మార్చి 27. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, మెక్సికో సరిహద్దు పట్టణమైన డగ్లస్‌కు ఆవల ఎడారి. పొద్దున్నే ఒక పశువుల రైతు నీళ్ల పైపులు, కంచెలు చూసుకోవడానికి చిన్న బండెక్కి బయల్దేరాడు. వెంట కుక్క. దారిలో ఎవరో ఇబ్బందిలో ఉన్నట్టు కనిపించారని తోడబుట్టినవాడికి వాకీటాకీ లాంటి రేడియోలో చెప్పాడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అర్ధరాత్రి కావస్తుండగా హెలికాప్టర్‌తో వెతికితే శవం దొరికింది. కుక్కనూ కాల్చారు. అడుగుజాడలు సరిహద్దు వైపు వెళ్లాయి. 1907 నుంచి అక్కడే పశువులు మేపుకుంటున్న కుటుంబం అది. ఇన్నేళ్లయినా ఎవరికీ శిక్ష పడలేదు.

నాలుగు వారాలు తిరక్కుండానే, ఏప్రిల్ 23న, ఆ రాష్ట్రంలో అక్రమ వలసలపై తెచ్చిన ఎస్‌బీ 1070 చట్టంపై గవర్నర్ సంతకం చేశారు. వేరే కారణంతో ఆపిన మనిషి అక్రమంగా ఉంటున్నాడని పోలీసులకు అనుమానం వస్తే కాగితాలు అడగాలన్నది అందులో ముఖ్యమైన నిబంధన. ఆ హత్యను పదే పదే చెప్పి తెచ్చిన చట్టం రాంచ్‌కి, అంటే ఆ పశువుల క్షేత్రానికి, ఏం చేసింది? ఫీనిక్స్ వీధుల్లో మన తెలుగువాళ్లతో సహా వలస వచ్చినవాళ్లందరికీ టెన్షన్ పెట్టింది. ఎడారిలో ఒంటరిగా తిరిగే రైతుకు మాత్రం ఒక్క కొత్త పోలీసు ఔట్‌పోస్టు కూడా దాంతో రాలేదు. 2012లో సుప్రీంకోర్టు అందులో మూడు కీలక నిబంధనలు కొట్టేసింది.

రాంచ్‌లో నేరమంటే తుపాకీ మోత ఒక్కటే కాదు. ఎవరో దాహానికి పైపు విరగ్గొట్టి పోతారు. తెల్లారేసరికి ట్యాంకులో నీళ్లన్నీ ఇసుకలో ఇంకిపోతాయి. ఎండిన తొట్టి చుట్టూ ఆవులు అరుస్తూ నిలబడతాయి. తెగిన కంచెలోంచి మంద ఎటో పోతుంది. పారేసిన ప్లాస్టిక్ సంచి మేసి దూడ చస్తుంది. ఇవన్నీ ఎవరికి చెప్పుకోవాలి?

దొంగచాటుగా సరిహద్దు దాటేవాళ్లకు ఈ ఎడారి దారి ప్రభుత్వం చూపించిందేనని మేం అంటాం. 1993, 94ల్లో సరిహద్దు నగరాలైన ఎల్‌పాసో, శాన్‌డియాగోల దగ్గర కాపలా బిగించారు. ఎడారికి భయపడి జనం ఆగిపోతారనుకున్నారు. జనం ఆగలేదు, ఎడారిలోకే మళ్లారు. వాళ్ల వెనకే మనుషుల్ని చేరవేసి డబ్బు గుంజే ముఠాలు, మత్తు మూటలు మోసేవాళ్లు వచ్చారు. 2000 నుంచి అరిజోనాలోని ఒక్క పీమా కౌంటీ (జిల్లా లాంటిది) శవపరీక్షల కార్యాలయానికే సరిహద్దు దాటుతూ చనిపోయినవాళ్ల అవశేషాలు మూడు వేలకు పైగా చేరాయి. రైతు కష్టం, ఈ చావులు ఒకే పొరపాటు నుంచి పుట్టాయి.

రైతే తుపాకీ పట్టి తేల్చుకోవాలంటే ఏమవుతుందో 2023 జనవరిలో అరిజోనాలోనే మరో సరిహద్దు పట్టణం నొగాలెస్ దగ్గర చూశాం. డెబ్బై దాటిన రాంచర్ పేల్చిన తూటాకు మెక్సికో నుంచి వచ్చిన మనిషి చనిపోయాడని కేసు. మరుసటి ఏడాది జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది, మళ్లీ విచారణ జరగలేదు. చనిపోయినవాడి ఇంటివాళ్లకు జవాబు దక్కలేదు. ఆ ముసలాయనకూ నిర్దోషి అన్న తీర్పు రాలేదు.

సరిహద్దు నేరాల వల్ల నష్టపోయే పొలాలకు టెక్సాస్ 2023లో పరిహార పథకం పెట్టింది. అరిజోనా కూడా పెట్టాలి. ఫోన్ సిగ్నల్ అందని లోయల్లో టవర్లు వేయాలి. గంటల దూరంలో ఉండే పోలీసుల్ని రాంచ్‌ల దగ్గరికి తేవాలి. దారి తప్పినవాడు పైపు విరగ్గొట్టక్కర్లేకుండా నీళ్ల ట్యాంకులు, బటన్ నొక్కి సాయం కోరగలిగే బీకన్ స్తంభాలు ఇంకా పెంచాలి. ఆ ఉదయం ఆ రైతు రేడియోలో చివరిసారి మాట్లాడింది కూడా కష్టంలో ఉన్న మనిషి గురించే.