మైకు సభికులకు ఇవ్వండి

సమాజంలో కళల పాత్ర మీద బెజవాడలోనో గుంటూరులోనో సభ పెడితే అది ఎలా నడుస్తుందో ముందే చెప్పేయవచ్చు. జ్యోతి ప్రజ్వలన, వేదిక నిండా అతిథులు, శాలువాలు, జ్ఞాపికలు, ఒక్కొక్కరివీ ‘రెండే రెండు మాటలు’. సభికుల వంతు వచ్చేసరికి వందన సమర్పణ. నాటకం మధ్యలో ఎందుకు లేచి వెళ్లిపోయారో, పిల్లకు కూచిపూడి నేర్పించడానికి ఏం ఖర్చులు మానుకుంటున్నారో చెప్పగలిగిన వాళ్లంతా చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. దీన్ని చర్చ అనలేం.

ఈ గడ్డకు ఇది మొదటి నుంచీ ఉన్న అలవాటు కాదు. బుర్రకథనే తీసుకోండి. కథకుడు తంబురాతో మధ్యలో నిలబడితే, అటూ ఇటూ ఇద్దరు వంతలు. హాస్యపు వంత జనం మనసులో మెదిలే మాటను నవ్వుగా అనేస్తాడు. రాజకీయ వంత పాత కథకు అడ్డం తగిలి ఇవాళ్టి సంగతి లాగుతాడు. అంటే ఎదురుప్రశ్న ఆ కళ కట్టుబడిలోనే ఉంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ దాన్ని పల్లెపల్లెకూ తీసుకెళ్లారు. 1943లో మొదలైన వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి అదే ఒరవడిలో కరువునీ భూమి సమస్యనీ ఆటలోకి తెచ్చింది. మద్రాసు, నిజాం ప్రభుత్వాలు బుర్రకథను నిషేధించాయంటే, విన్నవాళ్లు విని ఊరుకోలేదన్న సంగతి పాలకులకు బాగానే అర్థమైంది. అదే నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వాలకు కళ మీద అభిప్రాయం మారడానికి ఆమాత్రం సమయం పట్టింది మరి!

ఇప్పుడు మాట్లాడుకోవాల్సినవి చాలా మామూలు విషయాలు. సొంత డబ్బు పెట్టుకుని నాటకం ఆడే సమాజాలకు హాలు అద్దె, లైట్లు, మైకు, ప్రయాణాలే పెద్ద బరువు. రిహార్సల్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేసుకోవాలి, అదీ వాచ్‌మన్ కసురుకోనంతవరకే. నాటక పరిషత్తులు పెట్టే పోటీలు నాటకాన్ని బతికించాయి, కాదనలేం. కానీ న్యాయనిర్ణేతల మార్కుల కోసం రాసే నాటికలో ఏడుపు పాళ్లు ఎందుకు పెరుగుతున్నాయో ప్రేక్షకుడినీ అడగాలి కదా. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు గుంటూరులో జరిగాయి. అలాంటి వేడుకల్లో బహుమతి ఎవరికన్న ఆరా ఉన్నంతగా, చూసినవాళ్లకు ఏమనిపించిందన్న ఆరా ఉండదు. బడుల సంగతి మరీ చిన్నది: కళలను చదువులో భాగం చేయాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది, పరీక్షలు దగ్గర పడగానే డ్రాయింగ్ పీరియడ్ లెక్కల మాస్టారికి పోతూనే ఉంది.

జనానికి మైకు ఇస్తే ‘ఈ నాటకం వేయొద్దు, ఆ బొమ్మ తీసేయండి’ అని మీద పడతారన్న భయం కొందరు కళాకారులకు ఉంది. అది ఉత్త భయమేమీ కాదు. నచ్చలేదని ముఖం మీద చెప్పే హక్కు ప్రేక్షకుడికి ఉండాలి. ఆపించే అధికారం మాత్రం ఎవరికీ ఉండకూడదు. చర్చ నడిపేవారు ఈ గీత మొదటి రోజే గీయాలి. జనమే రారన్నది ఇంకో మాట. మాట్లాడే వీల్లేని చోటికి ఎందుకు వస్తారు?

విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నెలకొక సాయంత్రం ఇందుకు కేటాయిస్తే చాలు. ముందు ప్రదర్శన, తర్వాత గంటసేపు మాట. నటులు మేకప్ తుడుచుకుని కింద కుర్చీల్లోనే కూర్చోవాలి. నగరపాలక సంస్థ నుంచి సమాధానం చెప్పగల అధికారి ఒకరు ఉండాలి, ప్రసంగించడానికి కాదు, రాసుకోవడానికి. మొదటి నెలకు అంశం వెతుక్కోనక్కర్లేదు: సాయంత్రం తాళం పడే మున్సిపల్ స్కూళ్ల గదులను రిహార్సళ్లకు ఇస్తారా, ఇవ్వరా?