విశాఖ పాత ఫొటోలు బీరువాల్లో ఉండగానే

విశాఖ వన్‌టౌన్‌లో ఆదివారం పొద్దున కెమెరాలు పట్టుకుని తిరిగే కుర్రవాళ్ళు ఇప్పుడు బాగా కనిపిస్తున్నారు. 1904 నాటి టౌన్‌హాల్, కురుపాం మార్కెట్ కమాను, రాస్ హిల్ మీది చర్చి అన్నీ వాళ్ళ ఫోన్లలోకి ఎక్కుతున్నాయి. మెచ్చుకోవలసిన పనే. అయితే అంతకంటే తొందరగా జరగాల్సిన పని ఒకటుంది. ఈ ఊరి పాత ఫొటోలు ఇళ్ళల్లోనే పాడైపోతున్నాయి. బీరువా అడుగున పట్టుచీరల కింద, అటక మీద అట్టపెట్టెల్లో, ఉప్పుగాలికి బూజుపట్టి, పురుగు కొట్టి. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరులో ఎన్ని ఇళ్ళలో ఆల్బమ్‌లు నానిపోయాయో ఎవరూ లెక్క రాయలేదు.

విశాఖ ఒక మనిషి జీవితకాలంలోనే గుర్తుపట్టలేనంతగా మారిన ఊరు. 1933 డిసెంబరులో హార్బర్ తెరవకముందు ఓడలు దూరాన సముద్రంలోనే ఆగేవి. సరుకూ మనుషులూ పడవల్లో కెరటాలు దాటి ఒడ్డుకు చేరేవారు. హార్బర్ కట్టేటప్పుడు ప్రవేశమార్గానికి ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడలను కావాలనే ముంచి అడ్డుకట్టగా వాడారు. నోటితో చెబితే పిల్లలు నమ్మని సంగతి ఇది, ఫొటో చూపిస్తే నమ్ముతారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేశాక జనం మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కొన్నేళ్ళు గుంటూరులో నడిచింది. ఆ రోజుల్లో వాల్తేరు వీధులు ఎలా ఉండేవో చెప్పగలవాళ్ళు ఇక ఎందరు మిగిలారు?

ప్రభుత్వ ఫొటోల్లో పెద్దవాళ్ళు దొరుకుతారు. 1948 మార్చి 14న ‘జల ఉష’ ఓడను నీళ్ళలోకి దించినప్పుడు నెహ్రూ ఎక్కడ నిల్చున్నారో చూడొచ్చు. ఆ ఓడకు రేకులు బిగించినవాళ్ళ మొహాలు చూడాలంటే మాత్రం వాళ్ళ మనవల ఇళ్ళకే వెళ్ళాలి. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ అయిన 64 గ్రామాల సంగతీ అంతే. అవి ఎలా ఉండేవో రెవెన్యూ మ్యాపు చెప్పదు. ఏదో పెళ్ళి ఫొటోలో వధూవరుల వెనక పెంకుటింటి అరుగు, గుమ్మానికి పచ్చటి మామిడాకులు, పక్కన గేదెను కట్టేసిన రాట, దూరాన గుడి గోపురం కనిపిస్తాయి. చుట్టాలకు అది పెళ్ళి ఫొటో. నిర్వాసిత కుటుంబాలకు ఊరంటూ మిగిలింది అదే. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో రంగం (రంగూన్) నుంచి తెచ్చుకున్న స్టూడియో ఫొటోలు, జాలరిపేటల్లో గంగమ్మ పండగ ఫొటోలు, రైల్వే క్వార్టర్ల క్రిస్మస్ ఫొటోలు ఉంటాయి. వీటన్నిటినీ కలిపి చూస్తేనే విశాఖ.

ఫొటో ఒక్కటే దొరికితే సరిపోదు. వెనక్కి తిప్పి చూడాలి. స్టూడియో ముద్ర, చెరిగిపోతున్న సిరాతో ఒక తేదీ, ‘చిన్నాన్న, పోర్టులో చేరిన ఏడాది’ అని ఒక్క ముక్క. ఆ ముక్క లేకపోతే రేపు ఆ మనిషి ఎవరో కొడుకుకూ తెలియదు. ఎనభై ఏళ్ళ అమ్మమ్మ పక్కన కూర్చుని ‘ఈ కుర్చీలో ఎవరే? ఈ మేడ ఏ వీధిలోది?’ అని అడిగి రాసుకునే పనిని వచ్చే సెలవులకు వాయిదా వేయకండి. ఫొటో వెనక పెన్సిల్‌తో మెల్లగా రాయండి. బాల్‌పెన్ అచ్చు ముందువైపు తేలుతుంది. లామినేషన్ అసలే చేయించొద్దు. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోను లాగితే సగం మొహం ఆ పేజీకే ఉండిపోతుంది. పేజీతో సహా స్కాన్ చేయించడమే మేలు.

ఈ తొందరకు ఇంకో కారణం కూడా ఉంది. ‘పాత వైజాగ్’ పేరుతో కంప్యూటర్‌తో తయారుచేసిన బొమ్మ ఎవరైనా వాట్సాప్‌లో పెట్టగల రోజులివి. రంగులద్దిన ఫొటో చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ చీర రంగు ఊహించినవాడు రేపు కిటికీల సంఖ్య కూడా ఊహిస్తాడు. పాత కట్టడానికి మరమ్మతు చేసే ఇంజనీరుకు ఆ కిటికీలే ఆధారం. అసలైన ఫొటో, అది ఎవరింటిదో చెప్పే వివరంతో ఒకచోట లేకపోతే నకిలీని నకిలీ అని తేల్చేదెట్లా?

మహా విశాఖ నగరపాలక సంస్థ, బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, పోర్టు కలిసి ఒక నగర ఫొటో భాండాగారం పెట్టాలని మేము కోరుతున్నాం. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అసలే అక్కర్లేదు. ఫొటోను యజమాని కళ్ళెదుటే రెండువైపులా స్కాన్ చేసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఏది అందరికీ చూపాలో, ఏది చూపకూడదో కుటుంబమే చెప్పాలి. వివరాలు తెలుగులోనూ ఉండాలి. కౌంటరు పెట్టి జనాన్ని రమ్మంటే ఎవరూ రారు, జనం ఉన్నచోటికే వెళ్ళాలి. మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి అమ్మవారికి స్వయంగా పాలు, పసుపు, కుంకుమ సమర్పించుకోవడానికి ఊరు ఊరంతా బురుజుపేటకు వస్తుంది. ఆ నెల్లాళ్ళూ గుడి వీధి మొదట్లో ఒక బల్ల, ఒక స్కానర్, వినడానికి ఓపిక ఉన్న ఇద్దరు విద్యార్థులను కూర్చోబెట్టి పని మొదలుపెట్టవచ్చు.